వేళ్లతో తీసే ఈసీజీ పట్టీ: యాప్ మాట కన్నా గీత ముఖ్యం

రెండు చేతుల వేళ్లు ఆనిస్తే గుండె ఈసీజీ గీతను ఫోన్ యాప్‌లో చూపించే చిన్న పరికరం ఇది. ధర, సైజు, ఏ ఫోన్‌కు పనిచేస్తుందన్నది అమ్మేచోటే రాసి ఉంటుంది, అవి వదిలేస్తున్నా. పీఎస్‌వీటీ ఉన్నవాళ్లకు, అంటే ఉన్నట్టుండి గుండె నిమిషానికి 150 నుంచి 250 సార్లు కొట్టుకుని అంతే హఠాత్తుగా మామూలైపోయేవాళ్లకు, ఈ పట్టీలో అసలైన మేలు ఒక్కటే. దడ నడుస్తుండగానే 30 సెకన్ల గీత పీడీఎఫ్‌గా చేతికొస్తుంది. ఏళ్లుగా వాడుతున్నా దాని మీద ప్రేమ తగ్గలేదు.

ఈ జబ్బు డాక్టర్ ముందు కనబడదు మరి. ఏటూరునాగారంలో దడ మొదలైతే హనుమకొండకు దాదాపు వంద కిలోమీటర్లు. సగం దారిలోనే తగ్గిపోతుంది. అక్కడ తీసిన ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్. "గ్యాస్ అయి ఉంటదమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అని గోళీలు రాసి పంపిస్తారు. మా దిక్కు ఇట్లా గ్యాస్ గోళీలతోనే ఏళ్లు నెట్టుకొస్తున్నవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ఎంతమందో. దడలో తీసిన గీత ఒక్కటి వాట్సాప్‌లో పంపితే ఆ మాట మళ్లీ రాదు.

యాప్ చెప్పే తీర్పు మాత్రం పీఎస్‌వీటీకి పెద్దగా అక్కరకు రాదు. నా దగ్గరున్న మోడల్‌లో వేగం 140 దాటితే 'అన్‌క్లాసిఫైడ్', అంటే ఏ రకమో తేల్చలేకపోయా, అని వస్తుంది. మిషన్ పాడైందనుకొని ఆ రికార్డును చెరిపేస్తుంటారు. దాచుకోవాల్సింది దాన్నే! గీత సెకనుకు 25 మి.మీ. చొప్పున గీసి ఉంటే ఒక పెద్ద గడి 0.2 సెకను. రెండు శిఖరాల మధ్య ఎన్ని పెద్ద గడులున్నాయో చూసి 300ను దాంతో భాగించాలి. రెండు గడులైతే 150, గడిన్నర అయితే 200. శిఖరాలు సన్నగా, ఒకే ఎడంతో వస్తుంటే అనుమానం పీఎస్‌వీటీ వైపు. ఎడం ఇష్టమొచ్చినట్టు మారుతుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదరడం, కావచ్చు. తేల్చాల్సింది కార్డియాలజిస్టే.

అసలు విసుగు గీత చెడిపోవడంతో వస్తుంది. దడ మొదలైన ఆగమాగంలో చేతులు వణుకుతాయి, కండరాల కదలిక కూడా గీతలోకి ఎక్కి గజిబిజిగా వస్తుంది. పట్టీని చేతుల్లో పైకెత్తి పట్టుకోవద్దు. బల్ల మీద పెట్టి, మోచేతులు బల్లకు ఆనించి, వేళ్లను ఊరికే తాకించాలి. నొక్కితే వణుకు పెరుగుతుంది. ఆ అర నిమిషం మాట్లాడొద్దు. చలికాలంలో వేళ్లు ఎండిపోయి ఉంటే తడిగుడ్డతో తుడుచుకోవాలి, నూనె చేతులైతే సబ్బుతో కడుక్కోవాలి. గీత అంతటా దువ్వెన పళ్లలా సన్నటి కోరలు కనిపిస్తే అది కరెంటు వల్ల వచ్చింది: ఫోన్ చార్జర్ తీసేసి, కూలరుకు, ఫ్రిజ్‌కు దూరంగా జరగాలి. సెట్టింగ్స్‌లో మెయిన్స్ ఫిల్టర్ 60 మీద ఉందేమో చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్. కుడి ఎడమ చేతులు తారుమారైతే గీత తలకిందులుగా వస్తుంది, డాక్టర్‌కు అదొక చిక్కు. ఇవన్నీ దడ లేనప్పుడే సాధన చేసి పెట్టుకోవాలి.

వరుస కూడా ముఖ్యం. ముందు ఒక రికార్డు, తర్వాత దడను ఆపడానికి ఊదడం, దడ ఆగిన వెంటనే ఇంకో రికార్డు. సగం కూర్చున్న భంగిమలో 10 మి.లీ. సిరంజిలోకి పిస్టన్ కాస్త కదిలేలా 15 సెకన్లు ఊది, వెంటనే వెల్లకిలా పడుకోవాలి. పక్కనున్నవాళ్లు కాళ్లను 45 డిగ్రీలు ఎత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో లాన్సెట్‌లో వచ్చిన రివర్ట్ అధ్యయనంలో ఇలా చేసిన నూటికి 43 మందికి దడ ఆగింది. కాళ్లెత్తకుండా ఊదినవాళ్లలో ఆగింది 17 మందికే. ఇది ముందుగా డాక్టర్ దగ్గర నేర్చుకోవాలి, అందరికీ సరిపడదు. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఊదడాలు, రికార్డులు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి.

దడ ఆగాక తీసిన గీతకూ విలువ ఉంది. శిఖరం మొదట్లో వాలుగా డెల్టా తరంగం కనిపిస్తే డబ్ల్యూపీడబ్ల్యూ, అంటే గుండెలో పుట్టుకతోనే కరెంటుకు ఒక అదనపు దారి ఉండటం, అని అనుమానిస్తారు, అప్పుడు వెరపమిల్ వంటి దడ మందుల విషయంలో జాగ్రత్త పడతారు. మెటోప్రొలాల్ వంటి గోళీలు దడలను తగ్గిస్తాయే తప్ప అదనపు దారిని తీసేయవు. పీఎస్‌వీటీలో ఎక్కువగా కనిపించే ఏవీఎన్ఆర్‌టీ రకంలో అబ్లేషన్, అంటే సన్నటి తీగను గుండెలోకి పంపి దడకు కారణమైన దారిని మాడ్చేయడం, నూటికి 95 మందికి పైగా పనిచేస్తుంది. పేస్‌మేకర్ అవసరమయ్యేంతగా గుండెలో కరెంటు ప్రసారం దెబ్బతినే ప్రమాదం మాత్రం నూటికి ఒకరికి అటూఇటుగా ఉంటుంది. గీత లేకుండా ఆ నిర్ణయం వైపు అడుగు పడదు, అందుకే ఇంతగా చెప్తున్నా.

'నార్మల్' అని వచ్చినంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. ఒకే కోణం నుంచి చూసే పట్టీకి ఆ శక్తి లేదు.

నెలకో రెండు నెలలకో ఒకసారి, కొన్ని నిమిషాలు ఉండి పోయే దడకు, ఊరు ఆస్పత్రికి దూరమైనవాళ్లకు, ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. రోజూ దడ వస్తే ఒంటికి తగిలించుకునే 24 గంటల ఈసీజీ రికార్డరు హోల్టర్‌తోనే పని అయిపోతుంది. దడతో పాటు స్పృహ తప్పుతుంటే దీని మీద ఆధారపడొద్దు, పడిపోయే మనిషి పట్టీని పట్టుకోలేడు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందని ముందే తేలి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎసిట్రోమ్ గోళీల మీద ఉన్నవాళ్లైతే ఆ డబ్బును, మందు మోతాదు సరిపోయిందో చూసే ఐఎన్‌ఆర్ రక్త పరీక్షలకు పెట్టుకోవడం నయం.