పక్కపక్క సీట్లా, ముందువెనుక సీట్లా?

అమెరికాలోని ఓర్లాండో డిస్నీ వరల్డ్ పార్కుల్లో 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన స్ట్రోలర్‌ను (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) రానివ్వరు. పిల్లల్ని లాక్కెళ్లే వ్యాగన్లకూ అనుమతి లేదు. ఇద్దరు పిల్లలు కూర్చునే స్ట్రోలర్ అద్దెకు తీసుకునేముందు కొలతలు అడగండి.

పక్కపక్క సీట్లది సుమారు 30 అంగుళాల వెడల్పు. దుకాణాల్లో ఇరుకే, అయినా మా ఓటు దీనికే. చాలా మోడళ్లలో ఏ సీటుకా సీటు వాలుతుంది, చిన్నది నిద్రపోయినా పెద్దవాడు కూర్చునే ఉండొచ్చు.

ముందువెనుక సీట్లది సన్నగా దూరిపోతుంది. కానీ ముందు సీటు వాలిస్తే వెనుక బిడ్డ కాళ్లకు తగులుతుంది. గట్టు ఎక్కించాలంటే హ్యాండిల్ బలంగా నొక్కాలి. హ్యాండిల్‌కు సంచులుండగా ముందు బిడ్డ దిగితే బండి వెనక్కి తిరగబడొచ్చు; సంచులు కింది బుట్టలోనే పెట్టండి.

ఏది తీసుకున్నా, పార్కు బస్సెక్కాలంటే మడవాల్సి రావచ్చు. అద్దెకిచ్చేవారి ముందే ఒకసారి మడిచి చూడండి.

పార్కులో అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, వాలవు, బయటికి తీసుకెళ్లనివ్వరు. మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలకు అవి వద్దు.