మూఢం రోజుల్లో లాంగ్‌జంప్ పిట్ దగ్గర: గోడాక్స్ ఏడీ200 ప్రో

మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, నా కెమెరా బ్యాగు బీరువా ఎక్కుతుంది. ఈసారి ఎక్కనివ్వలేదు. పెళ్లిళ్ల కోసం సెకండ్ హ్యాండ్‌లో 18,000 పెట్టి కొన్న గోడాక్స్ ఏడీ200 ప్రో ఫ్లాష్ పట్టుకుని మూడు వారాలు మా హైస్కూల్ గ్రౌండ్‌కి వెళ్లాను. అక్కడ డ్రిల్ మాస్టారు సాయంత్రాలు పిల్లలతో లాంగ్‌జంప్ ప్రాక్టీస్ చేయిస్తారు. ఇసుకలో కాళ్లు దిగిన క్షణాన్ని, ఎగిరిన ప్రతి రవ్వా విడివిడిగా కనిపించేలా తీయాలని నా కోరిక.

మొదటి రోజు ఒక్క ఫొటో కూడా సరిగా రాలేదు. ఐదు గంటలకు ఎండ ఇంకా గట్టిగానే ఉంది. నా నికాన్ డీ7500లో ఫ్లాష్ సింక్ (మామూలుగా ఫ్లాష్‌తో కలిసి పనిచేసే అతి వేగమైన షట్టర్) 1/250 సెకను కాబట్టి షట్టర్ అక్కడ పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్11కి మూసి, ఎండకి దీటుగా వెలగాలని ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌లో పెట్టాను. పాప దూకింది. ఫొటోలో పాదాలు స్పష్టంగా లేవు, అంచుల వెంట నీడలాంటి ఇంకో పాదం. లెక్క వేస్తే అర్థమైంది. సెకనుకు 7 మీటర్ల వేగంతో వచ్చే మనిషి 1/250 సెకనులో దాదాపు 3 సెంటీమీటర్లు కదులుతుంది. ఆ కదలికనంతా ఎండ నమోదు చేసేస్తోంది. మాన్యువల్ చూస్తే ఈ ఫ్లాష్ మెరుపు నిడివి 1/220 నుంచి 1/13,000 సెకను దాకా అని ఉంది. ఆ 1/220 ఫుల్ పవర్‌లోది! అంటే పవర్ పూర్తిగా పెంచితే మెరుపు నా షట్టర్ కంటే వేగమైనదేమీ కాదు. పవర్ తగ్గించినప్పుడు లోపలి సర్క్యూట్ మెరుపును మధ్యలోనే తెంచేస్తుంది, అందుకే అది చిన్నదవుతుంది. ఎక్కువ పవర్ పెడితే కదలిక బాగా ఆగుతుందనుకునే వాళ్లు మా ఫొటోగ్రాఫర్లలో చాలామంది ఉన్నారు. నిజం దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

మర్నాటి నుంచి సూర్యుడు దిగాక, ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉన్నప్పుడు వెళ్లాను. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 400, ఎఫ్5.6, షట్టర్ 1/250. ఫ్లాష్ లేకుండా తీస్తే పిల్లలు నల్లటి ఆకారాల్లా రావాలి, ఆ వెలుతురు కోసం ఆగాను. ఫ్లాష్ పిట్‌కి పక్కగా 3 మీటర్ల దూరంలో, 1/32 పవర్‌లో, అంటే ఫుల్ పవర్‌లో ముప్పై రెండో వంతులో. మసక వెలుతురులో ఆటోఫోకస్‌ను నమ్ముకోకుండా, కాళ్లు దిగే చోట ఒక వాటర్ బాటిల్ నిలబెట్టించి దాని మీద ఫోకస్ లాక్ చేసి, బాటిల్ తీయించేశాను. ఇక వెలుగంటే ఆ మెరుపు ఒక్కటే. ఇసుక గాల్లో ముత్యాల్లా నిలబడింది. జడ చివర రిబ్బన్ మడత కూడా కనిపించింది. ఆ ఫ్రేము స్క్రీన్ మీద చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

మధ్యాహ్నం తీయాలంటే హై స్పీడ్ సింక్ ఉంది, అంటే షట్టర్‌ను 1/250 కంటే వేగంగా పెట్టినా ఫ్లాష్ వెలిగే పద్ధతి, 1/8000 దాకా వెళ్తుంది. కానీ అక్కడ కదలికను ఆపేది షట్టరే. ఫ్లాష్ చిన్న చిన్న మెరుపులుగా వరసగా వెలుగుతూ ముఖం మీది నీడను నింపుతుందంతే, బలం కూడా బాగా పడిపోతుంది. ఎండలో 1/2000, ఎఫ్4 దగ్గర 2 మీటర్లు దాటితే నాకు తేడా పెద్దగా కనిపించలేదు.

బ్యాటరీ విషయంలో మాత్రం ఏ లోటూ లేదు. ఒక్క ఛార్జింగ్‌తో నాలుగు సాయంత్రాలు నడిచింది. 1/32లో వరసగా నాలుగైదు ఫ్రేములు నొక్కినా ప్రతిదానికీ వెలిగింది. ఫ్లాష్‌తో రెండు హెడ్స్ (ముందు తగిలించే వెలుగు భాగాలు) వస్తాయి. ఆటలకి ముందు గాడుల లెన్స్ ఉన్న ఫ్రెస్నెల్ హెడ్ పెట్టండి, వెలుగు ముందుకి పోతుంది. పైన కప్పు లేని బేర్ బల్బ్, పెళ్లిళ్లలో వెలుగు మెత్తబడటానికి ఫ్లాష్‌కి పెట్టే గొడుగులోకి బాగుంటుంది.

స్టాండ్ గురించి గట్టిగా చెప్పాలి. ఖాళీ సిమెంట్ సంచిలో ఇసుక నింపి స్టాండ్ కాళ్ల మీద వేయండి, పిల్లలు పరిగెత్తే దారికి దూరంగా పెట్టండి. ఫ్లాష్ ఎప్పుడూ పక్క నుంచో వెనక నుంచో రావాలి. దూకే మనిషి కళ్లలోకి కొడితే అడుగు తప్పుతుంది, కాలు మడతపడుతుంది. ప్రాక్టీస్‌లో కూడా నేను మాస్టారిని, పిల్లల్ని అడిగాకే వెలిగించాను. పోటీ రోజున నిర్వాహకులు వద్దంటే ఫ్లాష్ బ్యాగులోంచి తీయొద్దు.

బౌండరీ బయట నుంచి క్రికెట్ తీసేవాళ్లు దీన్ని కొనకండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది, పిచ్ దాకా ఏమీ మిగలదు. ఆ డబ్బు లెన్స్ మీద పెట్టండి. లాంగ్‌జంప్, స్కేటింగ్, సైకిల్ స్టంట్లలా మనిషి ఎక్కడికి వస్తాడో ముందే తెలిసే ఆటలకి మాత్రం నేను మళ్లీ ఇదే కొంటాను.

చివరి వారం మాస్టారు నా ఫోన్‌లో ఒక ఫొటోని పెద్దది చేసి పాపకి చూపించారు. “చూడమ్మా, నీ ఎడమ కాలు ముందే దిగిపోతోంది. రెండూ కలిపి చాపాలి.” పాప కాసేపు చూసి, “అన్నయ్యా, ఇంకోటి తియ్యి” అని రన్నప్ మొదలుపెట్టే చోటికి పరిగెత్తింది.