ఫ్రిజ్ తాళం: నంబర్ది వద్దు, తాళంచెవిదే తీసుకోండి

దీని కింద ఉన్న రివ్యూలన్నీ పాకే పిల్లల తల్లులవి. మావాడికి తొమ్మిదేళ్లు, ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉంది. 1956లోనే స్విట్జర్లాండ్ డాక్టర్లు దీని గురించి రాశారు, మా చుట్టాలెవరూ ఇంకా వినలేదు. ఇది ఉన్న చాలామందిలో కారణం తండ్రి నుంచి వచ్చే 15వ క్రోమోజోమ్‌లో ఓ ముక్క లోపించడమే. పుట్టినప్పుడు ఒంట్లో పట్టు లేక పాలు కూడా లాగలేకపోయాడు. ఇప్పుడేమో ఎంత తిన్నా కడుపు నిండినట్టే ఉండదు. పైగా ఈ పిల్లల ఒంటికి కావలసిన కేలరీలు తోటివాళ్ల కంటే బాగా తక్కువ. వాంతి కూడా తేలిగ్గా రాదు కాబట్టి ఒక్కసారి మితిమీరి తింటే ప్రాణం మీదికే రావచ్చు.

ఇందులోనే నంబర్ రకం కూడా ఉంది. మా ఇంట్లో అది నిలవలేదు. ఈ పిల్లల్లో చాలామందికి జిగ్‌సా పజిల్స్‌లో మంచి నేర్పు ఉంటుంది. మావాడు నా వేళ్లు చూసే నంబర్ పట్టేశాడు! తాళంచెవి రకం దగ్గర ఆ తెలివి పనిచేయదు.

అంటించే ముందు తలుపు స్పిరిట్‌తో తుడవండి, ఒక రోజంతా ముట్టుకోకండి. గమ్ గట్టిదే. గరుకు డిజైన్ ఉన్న తలుపులకు మాత్రం పట్టదు. డబుల్ డోర్‌కి రెండు కొనాలి, ఆ సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు.

తాళం వేశాక గొడవ పెరుగుతుందనుకున్నాం, తగ్గింది. ఏమైనా దొరుకుతుందేమో అన్న ఆశే వాడికి పెద్ద టెన్షన్. ఇప్పుడు వంటింటి గోడ మీద టైములు రాసి ఉన్నాయి, సాయంత్రం నాలుగున్నరకి జామకాయ ముక్కలు. ఆ టైము తప్పనివ్వం. తప్పితే ఏ తాళమూ పనిచేయదు. మా అత్తగారు మొదట్లో "కన్నబిడ్డకి కూడు దాస్తారటే?" అని ఏడ్చారు. ఇప్పుడు తాళంచెవి ఉండేది ఆవిడ కొంగుముడిలోనే.

తాళంచెవులు రెండే ఇస్తారు, అది చాలదు. ఈ జబ్బుకి వాడికిచ్చే గ్రోత్ హార్మోన్ ఇంజక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కనుక అదీ ఫ్రిజ్‌లోనే, రోజూ రాత్రి తీయాలి. అత్తగారు ఊరెళితే రెండోది ఎక్కడుందో ఇల్లంతా వెతుకులాటే. నాలుగు స్టార్లు. మూడో తాళంచెవి విడిగా అమ్మితే కొనడానికి సిద్ధం.