రెండేళ్ళు వాడాక చెబుతున్నా: ఊళ్ళో ఇంటి కెమెరాలు, హోమ్ అసిస్టెంట్

మా అమ్మా నాయనా ఉండేది ఇందుకూరుపేట దాటాక మైపాడు వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో. నేను నెల్లూరులో లెక్కల ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వెళ్ళొస్తుంటా. 2023 ఎండాకాలంలో మా వీధి చివర ఇంట్లో రాత్రికి రాత్రి మోటారు కేబుల్ కోసుకుపోయారు, లోపలి రాగి కోసం. ఆ దెబ్బతో అమ్మకు నిద్ర పట్టడం మానేసింది, కుక్క మొరిగితే చాలు నాకు ఫోన్. కెమెరా పెట్టిస్తే ఆమె టెన్షన్ తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు సరికదా, నాకూ అంటుకుంది.

మొదట కొన్న వైఫై కెమెరా కదిలిన ప్రతిదానికీ గంట కొట్టేది. కొబ్బరి మట్ట ఊగితే ఒకటి, పిల్లి గోడ దూకితే ఒకటి, రొయ్యల లారీ లైట్లు గోడ మీద పడితే ఒకటి. గాలి బాగా వీచిన ఒక రోజు కూర్చుని లెక్కపెడితే 214. మనిషిని మాత్రమే గుర్తుపట్టి చెప్పాలంటే నెలనెలా డబ్బు కట్టాలట. మూడో వారానికి విసుగొచ్చి నోటిఫికేషన్లు మొత్తం ఆపేశా, ఇక ఆ కెమెరా ఉంటే ఎంత, లేకపోతే ఎంత. ఇంటిని స్మార్ట్ చేసేద్దామనే సరదా ఏమీ లేదు నాకు, హోమ్ అసిస్టెంట్ జోలికి వెళ్ళింది రోజుకు 214 సార్లు మోగే ఈ పోరు పడలేకే.

తెలియనివాళ్ళకు ఒక్క ముక్క. హోమ్ అసిస్టెంట్ అనేది 2013లో మొదలైన ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మన ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్‌లో నడుస్తుంది, వేరే వేరే కంపెనీల బల్బులు, సెన్సర్లు, కెమెరాలు అన్నిటినీ ఒకచోటికి తెచ్చి 'ఇది జరిగితే అది చెయ్యి' అని చెప్పనిస్తుంది. కెమెరా విషయంలో దానికి కావలసింది ఆర్‌టీఎస్‌పీ అనే వీడియో ధార, లేదా ఓఎన్‌వీఐఎఫ్, అంటే వేరే వేరే కంపెనీల కెమెరాలకు ఉమ్మడి భాష లాంటిది. ఈ రెంటిలో ఒకటీ ఇవ్వని కెమెరాను కలపడం చాలా వరకు వృథా ప్రయాస. నా మొదటి కెమెరా సరిగ్గా ఆ రకమే. కొట్టులో 'అన్నీ కనెక్ట్ అవుతాయి సార్' అన్నాడు. అతని లెక్కలో కనెక్ట్ అంటే వాళ్ళ యాప్‌కు కనెక్ట్. బ్యాటరీతో నడిచే కెమెరాలు కూడా ఎక్కువ శాతం ఆర్‌టీఎస్‌పీ ఇవ్వవు, ఎందుకంటే అవి బ్యాటరీ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంటాయి, ధార తెంపు లేకుండా పారాలంటే మెలకువగా ఉండాలి. కొనేముందు స్పెసిఫికేషన్లలో ఆ మాట మీ కళ్ళతో చూసుకోండి.

ఆ కెమెరాను బావమరిదికి ఇచ్చేసి ఇంకో కంపెనీవి రెండు కొన్నా, ఒకటి గేటుకు, ఒకటి వరండాకు. యాప్‌లో కెమెరాకంటూ విడిగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకుని, ఐపీ అడ్రస్‌తో కలిపి ఆర్‌టీఎస్‌పీ లింకు రాసి హోమ్ అసిస్టెంట్‌లో ఇస్తే బొమ్మ రావాలి. నాకు రాలేదు. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా కెమెరా తిరగేశా, రౌటర్ తిరగేశా, వైఫై పేరు మార్చా. చివరికి తేలిందేమిటంటే నా పాస్‌వర్డ్‌లో @ గుర్తు ఉంది. ఆ లింకులో పాస్‌వర్డ్ ముగిసి అడ్రస్ మొదలయ్యే చోట కూడా @ ఉంటుంది కాబట్టి అది నా పాస్‌వర్డ్‌ను నడిమికి నరికి మిగతా సగాన్ని అడ్రస్ అనుకుంటోంది. @ బదులు %40 అని రాయాలి, లేదంటే పాస్‌వర్డే మార్చుకోవాలి. రెండున్నర గంటలు ఒక్క అక్షరం కోసం! మర్నాడు ఆఫీసులో ట్యాలీ ముందు కునికిపాట్లు పడ్డా.

తర్వాత బొమ్మ వచ్చింది గానీ ఫోన్‌లో ఒకలా, కంప్యూటర్ బ్రౌజర్‌లో నల్లగా. కెమెరా వీడియోను హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో పంపుతోంది, అన్ని బ్రౌజర్లూ దాన్ని ఆడించవు. కెమెరా సెట్టింగుల్లో హెచ్.264కు మార్చగానే కుదిరింది, ఫైలు సైజు కాస్త పెరిగింది, అంతే. రౌటర్‌లో రెండు కెమెరాలకూ ఐపీ అడ్రస్ స్థిరంగా కట్టేయడం మాత్రం మర్చిపోవద్దు. మా ఊళ్ళో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ కొత్త అడ్రస్‌లు పంచేది, పొద్దున లేచి చూస్తే గేటు అని రాసి ఉన్న చోట వరండా కనపడేది.

మొదట ఇదంతా రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మీద, మెమరీ కార్డుతో నడిపా. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను (మన పేపర్లలో మిగ్‌జాం అని కూడా రాశారు) దాకా బాగానే ఉంది. ఆ వానలకు మా ఊళ్ళో కరెంటు వస్తూ పోతూ వస్తూ పోతూ చివరికి రెండు రోజులు పూర్తిగా పోయింది, వచ్చాక చూస్తే కార్డు చచ్చిపోయింది. సెన్సర్ల చరిత్ర మొత్తం డేటాబేస్‌లోకి ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది, రాసే మధ్యలో కరెంటు పోతే కార్డు ఎన్నాళ్ళని తట్టుకుంటుంది పాపం. బ్యాకప్ కూడా అదే కార్డులో ఉంచిన తెలివి నాది. ఆ తర్వాత ఆఫీసులు వదిలించుకునే పాత మినీ పీసీ, ఆరో తరం ఐ5 ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీతో, 9,500కి తీసుకున్నా. దాని బయోస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) కరెంటు రాగానే తానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టా, లేకపోతే అమ్మకు ఫోన్ చేసి 'టీవీ వెనక నల్ల డబ్బా, దానికి గుండ్రటి బటన్' అని వివరించాలి. ఆ పని ఒకసారి చేశా. ఆమె రౌటర్ ఆపేసింది.

ఇక అసలు విషయం, ఫ్రిగేట్. కెమెరా ధారను చూస్తూ ఇది మనిషి, ఇది కారు, ఇది కుక్క అని ఇంట్లోనే గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఇది, హోమ్ అసిస్టెంట్‌తో కలుస్తుంది. వాటి మధ్య కబుర్లు మోయడానికి మస్కిటో అనే ఇంకో ప్రోగ్రాం పెట్టాలి. నెల్లూరు మనిషిని పట్టుకుని ఇంకో దోమను పెంచుకోమంటారు! కెమెరాలు రెండేసి ధారలు ఇస్తాయి, పెద్దదీ చిన్నదీ. చిన్నదాన్ని గుర్తుపట్టడానికి, పెద్దదాన్ని రికార్డింగుకు వాడుకోవాలి. నేను మొదట్లో పెద్దదాన్నే రెండింటికీ ఇచ్చి పీసీ ఫ్యాను పిండిమరలా మోగుతుంటే ఏమైందా అనుకున్నా. చిన్నధార 640 బై 360, సెకనుకు 5 ఫ్రేములు, అది చాలు. ఐ5లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌తోనే పని జరిగిపోతోంది, ఈ గుర్తుపట్టే పని కోసమే అమ్మే కోరల్ చిప్ విడిగా కొనలేదు.

గుర్తుపట్టడం ఎలా ఉందంటే, మనుషుల విషయంలో నమ్మొచ్చు, పశువుల విషయంలో నవ్వుకోవచ్చు. దానికి నేర్పిన 80 రకాల వస్తువుల్లో ఆవు ఉంది, గుర్రం ఉంది, ఏనుగు, ఎలుగుబంటి కూడా ఉన్నాయి, గేదె లేదు. మా పక్కింటి గేదె గేటు ముందు నిలబడితే పగలు ఆవు అంటుంది, మసక చీకట్లో ఒకసారి ఏనుగు అంది. మైపాడు రోడ్డులో ఏనుగు! ఆ ఫొటో మా కుటుంబం గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది. అంతకంటే ఇబ్బంది పెట్టింది ఎదురుగా కడుతున్న ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మ. గడ్డి కూరిన చొక్కా, ప్యాంటు, కుండ తల, గాలికి చేతులు ఊపుతూ. దాన్ని మనిషి అని 83 శాతం నమ్మకంతో చెప్పింది, రాత్రి రెండింటికి, వరసగా నాలుగు రాత్రులు. దిష్టి పోయిందో లేదో గానీ నా నిద్ర పోయింది. ఫ్రిగేట్‌లో ఆ చోటికి మాత్రం ఆబ్జెక్ట్ మాస్క్ గీస్తే సరిపోయింది. గేటు లోపలి స్థలాన్ని ఒక జోన్‌గా గీసి, ఆ జోన్‌లో మనిషి ఉంటేనే కబురు పంపమన్నా. 214 ఉన్న చోట ఇప్పుడు రాత్రికి ఒకటో రెండో, చాలా రాత్రులు ఏమీ ఉండవు.

ఆటోమేషన్ ఏమిటంటే, రాత్రి 11 నుంచి పొద్దున 4 లోపు గేటు జోన్‌లో మనిషి కనపడితే వరండా లైటు వెలగాలి, నా ఫోన్‌కు ఫొటోతో కబురు రావాలి. సైరన్ పెట్టొద్దని ముందే అనుకున్నా, ఆ నిర్ణయం ఎంత మంచిదో మూడో రాత్రికే తెలిసింది. మా నాయనకు రెండెకరాల రొయ్యల గుంట ఉంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఒక్కటి ఆగినా పంట పోయినట్టే, అందుకని రెండింటికో మూడింటికో లేచి టార్చి పట్టుకుని పోతాడు. మనిషి, గేటు దగ్గర, రాత్రి 2:40, ఫొటోతో సహా. లుంగీ, మెడలో తువ్వాలు, మా నాయన. ఠక్కున లైటు వెలిగేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడిపోయి 'ఎవుర్రా అది' అని అరిచాడు, అమ్మ లేచింది, వీధిలో కుక్కలు లేచాయి.

దీనికి మందు దొరకడానికి రెండు నెలలు పట్టింది. నాయన ఫోన్ ఇంట్లోనే వదిలి పోతాడు, కాబట్టి ఫోన్ ఎక్కడుందో చూసి తెలుసుకునే పద్ధతి పనికిరాదు. చివరికి వీధి తలుపుకు జిగ్‌బీ (తక్కువ బ్యాటరీతో నడిచే వైర్‌లెస్) డోర్ సెన్సర్ ఒకటి అతికించా. తలుపు తెరుచుకున్నాక మూడు నిమిషాల లోపు గేటు దగ్గర మనిషి కనపడితే మనవాళ్ళే, కబురు వద్దు. తిరిగి వచ్చేటప్పుడు ఎలా? దానికీ ఆలోచించా: తలుపు తెరిచి వెళ్ళాక గంటన్నర పాటు వచ్చేవాళ్ళనూ వదిలేస్తుంది. ఆ గంటన్నరలో నిజంగా దొంగే వస్తే? వస్తే వస్తాడు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది, రికార్డింగ్ ఉంటుంది, ఇంతకంటే మెలిక పెడితే నాకే అర్థం కాకుండా పోతుంది.

సముద్రం దగ్గర ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఒక మాట. ఉప్పుగాలికి ముందు పోయేది కెమెరా కాదు, దాని తోక. కరెంటు పిన్ను పెట్టే చోట పచ్చగా చిలుం పట్టి ఏడాది తిరక్కుండానే గేటు కెమెరా ఆగుతూ వెలుగుతూ మొదలుపెట్టింది. ఆ అతుకును ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టి టేపు చుట్టాక ఇప్పటికి బాగానే ఉంది. రెండోది సాలెపురుగు. రాత్రి కెమెరా ఐఆర్ లైటుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలెపురుగు వస్తుంది, పొద్దునకల్లా బొమ్మ ముందు తెల్లటి తెర. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. అమ్మ బూజుకర్రతో ఒకసారి తుడుస్తుంది, ఆ తుడిచేటప్పుడు లెన్స్‌లోకి ఆమె ముఖం ఇంత పెద్దగా వస్తుంది, నెలకు నాలుగైదు అలాంటి ఫొటోలు నా దగ్గర పోగయ్యాయి.

కెమెరాలకు రౌటర్‌లో ఇంటర్నెట్ ఆపేశా, అవి ఇంటి గడప దాటకూడదని. నాలుగు నెలల తర్వాత చూస్తే కెమెరా గడియారం 11 నిమిషాలు వెనక నడుస్తోంది, బయటి టైమ్ సర్వర్ అందక. ఇంట్లో పీసీనే టైమ్ సర్వర్‌గా పెట్టి కెమెరాకు చూపించా. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ రేపు పోలీసులకు రికార్డింగ్ చూపించాల్సి వస్తే పెద్ద విషయమే. బయటనుంచి చూడటానికి టెయిల్‌స్కేల్ వాడుతున్నా, నా ఫోన్‌కూ ఇంటి పీసీకీ మధ్య మనకు మాత్రమే దారి వేసే ప్రోగ్రాం, ఉచితం. మా నెట్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ లేదు, ఒకే ఐపీ వెనక చాలా ఇళ్ళు ఉంటాయి, బయటివాళ్ళకు రౌటర్‌లో నేరుగా దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ కుదరదు. కుదిరినా చెయ్యను, ఇంటి కెమెరా వీధి తలుపు తెరిచి ఇంటర్నెట్ మీద ఆరేయడం ఎందుకు. నెలకు కొంత కట్టి హోమ్ అసిస్టెంట్ క్లౌడ్ తీసుకుంటే ఇంత తిప్పలు లేకుండా దూరం నుంచి అందుతుంది, ఓపిక లేనివాళ్ళకు అదే మేలు.

ఎదురింటి పెద్దమ్మ ఒకరోజు 'మా వాకిలి కూడా పడతందంటగా' అని అడిగింది. పడుతోంది మరి. అప్పటికప్పుడు ఆ భాగానికి కెమెరాలోనే నల్లముసుగు వేసి ఫోన్‌లో చూపించా. వరండా కెమెరా మైకు కూడా ఆపేశా. అయినా అమ్మ చుట్టాలొచ్చి కబుర్లకు కూర్చుంటే దాని మీద తువ్వాలు కప్పుతుంది. నా ఫోన్‌లో 'వరండా చీకటి' అని కనపడిందంటే పిన్ని వచ్చినట్టు.

ఖర్చు చెప్పాలంటే కెమెరాలు రెండు 5,600, మినీ పీసీ 9,500, జిగ్‌బీ డాంగిల్, తలుపు సెన్సర్ కలిపి 2,800, రౌటర్‌కు చిన్న యూపీఎస్ 1,600. మొత్తం 19,500, పాత హార్డ్ డిస్క్ ఇంట్లోదే. కెమెరాకు 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు దాదాపు 22 జీబీ, రెండింటికీ వారం దాచితే 300 జీబీ పైన, అది చాలు. నెలవారీ కట్టేది ఏమీ లేదు. కానీ నా ఆదివారాల లెక్క ఇందులో లేదు, అది వేస్తే కెమెరా కంపెనీ చందానే చవకేమో. హోమ్ అసిస్టెంట్‌కు నెలనెలా కొత్త విడుదల వస్తుంది, పాతవి ఏం మారాయో చదవకుండా నొక్కొద్దు. నేను మూడు నెలలకోసారి, అదీ ఊళ్ళో ఉన్నప్పుడే చేస్తా. నెల్లూరులో కూర్చుని నొక్కి, ఏదన్నా తేడా వస్తే అమ్మకు మళ్ళీ నల్ల డబ్బా గురించి చెప్పాలి. కెమెరా పెట్టి మర్చిపోవాలనుకునేవాళ్ళు, ఇంట్లో కెలికే అలవాటున్న మనిషి లేనివాళ్ళు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది, కెమెరాలూ రికార్డర్ డబ్బా కలిపి వచ్చే మామూలు ఎన్‌వీఆర్ సెట్ పెట్టించుకోండి.

నాకు మాత్రం 10కి 8. అమ్మ ఇప్పుడు కుక్క మొరిగితే నాకు ఫోన్ చెయ్యదు, లైటు వెలిగిందా లేదా అని కిటికీలోంచి చూసి పడుకుంటుంది. నాయన మొదట్లో 'ఈ డబ్బులు పెడితే ఒక ఏరేటర్ వచ్చేది' అని సణిగాడు. పోయిన నెల భోజనం దగ్గర ఆయనే కదిలించాడు: 'అబ్బయ్యా, గుంట కాడ కూడా ఒకటి పెట్టు, ఏరేటర్ ఆగితే మోగేటట్టు చెయ్యి, రేత్రిళ్ళు లేవలేకపోతన్నా.' గుంట ఇంటికి అర కిలోమీటరు, అక్కడ వైఫై అందదు, దానికి కెమెరా కంటే మోటారు కరెంటు చూసే సెన్సర్ మేలు. మేడ మీదనుంచి సిగ్నల్ నేరుగా పంపొచ్చేమోనని రెండు ఆదివారాలుగా గట్టు మీద నిలబడి మా మేడ కనపడుతుందా, మధ్యలో కొబ్బరి చెట్లు అడ్డం వస్తాయా అని చూస్తున్నా.