తిరుపతిలో వెనీర్లు: రెండు క్లినిక్కులు, ఒక లాడ్జి

మా చెల్లెలికి ముందు పళ్ల మీద చిన్నప్పటి నుంచీ గోధుమ రంగు మచ్చలు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పడ్డ మరకలు, ఎంత తోమినా పోవు. పెళ్లికి ముందే వెనీర్లు, అంటే పళ్ల ముందువైపు అతికించే పల్చటి పింగాణీ రేకులు, వేయించుకుంటానని పట్టుబడితే పీలేరు నుంచి తిరుపతికి తీసుకెళ్లాను.

మొదటి క్లినిక్కులో ఏసీ, సోఫాలు, గోడ నిండా నవ్వే ముఖాలు. నోరు సరిగ్గా చూడకముందే "పది పళ్లకు ప్యాకేజీ ఉంది" అన్నారు. పన్ను ఎంత అరగదీస్తారంటే సూటిగా జవాబు రాలేదు. తేల్చుకోవాల్సింది అదే కదా! పింగాణీ వెనీర్ మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. దానికి చోటు కోసం తీసిన ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, మళ్లీ పెరగదు. పది పదిహేనేళ్లకు వెనీర్ పాడైతే ఇంకో వెనీరే గతి.

రెండోది ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో, మేడ మీద. ప్లాస్టిక్ కుర్చీలే. డాక్టరమ్మ ముందు క్లీనింగ్ చేసి, నాలుగు పళ్లకు చాలన్నారు. అరగదీయక ముందే, పళ్లు తడిగా ఉండగానే, చెల్లిని కిటికీ దగ్గర నిలబెట్టి రంగు పోల్చే షేడ్ ముక్కలు ఒక్కొక్కటే పంటి పక్కన పెట్టి చూశారు. ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుందట. చెల్లి ఇంకా తెల్లది కావాలంటే "బాత్రూం టైల్స్ మాదిరి ఉంటాయమ్మా" అన్నారు. అక్కడే ఖాయం చేసుకున్నాం.

కొలతలు ల్యాబుకు పోయి వెనీర్లు రావాలి కాబట్టి రెండుసార్లు వెళ్లక తప్పదు. బస కోసం బస్టాండు ఎదురుగా టీటీడీ శ్రీనివాసం ఉంది, చవకే, కానీ రద్దీ రోజుల్లో గది దొరకడం కష్టం. మేం దగ్గర్లోని లాడ్జిలో దిగాం. వేడినీళ్లు పొద్దున మాత్రమే, సందడి అర్ధరాత్రి దాకా. కింద మెత్తటి ఇడ్లీ దొరకడం మాత్రం మాకు కలిసొచ్చింది.

కొండకు పోయేవాళ్లకు ఒక మాట. అసలువి వచ్చేదాకా పెట్టే తాత్కాలిక వెనీర్లు ఊరికే ఊడొస్తాయి. లడ్డూలో కలకండ పలుకులుంటాయి, చిదిమి వెనక పళ్లతో తినాలి. అసలువి అతికించాక కూడా చెరుకు, చెక్కలు ముందు పళ్లతో కొరకొద్దు, బొగ్గు పొడితో తోమొద్దు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు, తప్పనిసరి. దానికి మాకు బిల్లు విడిగా వేశారు, ముందే అడిగి కలుపుకోండి.