"కోర్టుకీడుస్తా" అని మాత్రం మెసేజ్ పెట్టకండి, నేను పెట్టి ఉన్నది కూడా పోగొట్టుకున్నా

ఆ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల వాడు మీకు తెలిసే ఉంటాడు, "ఆరు నెలల వారంటీ" అని రోజూ పోస్టులు పెడుతుంటాడు కదా, వాడే. కొన్నాను. మూడో రోజు స్క్రీన్ పోయింది. యాప్‌లో కాకుండా నేరుగా డబ్బు పంపితే తగ్గిస్తానంటే పంపిన మహా తెలివైనవాణ్ని నేనే, ఇప్పటికే చాలా తిట్టుకున్నాను, మీరు మళ్ళీ తిట్టక్కర్లేదు.

వారం రోజులు "సార్, ప్లీజ్ సార్" అని బతిమాలి, ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఒళ్ళు మండి నిన్న రాత్రి "నిన్ను కోర్టుకీడుస్తా" అని వాట్సాప్‌లో పెట్టాను. వారం నుంచి రాని జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. "ఈడ్చండి సార్. తాడు మీరే తెచ్చుకోండి." పక్కన పళ్ళికిలించే బొమ్మ. దీనికేం తిట్టాలా అని నేను వెతుక్కునేలోపే నన్ను బ్లాక్ చేశాడు, వారంటీ అని రాసిన ఆ పోస్టూ తీసేశాడు. స్క్రీన్‌షాట్ తీశానా? లేదు. అంటే సాక్ష్యం చెరిపేసుకో నాయనా అని నేనే కబురు పెట్టినట్టయింది!

లాయర్ ఫ్రెండ్‌కి చెబితే ముందు బాగా నవ్వి, "కేసు పెడతానన్నావా, వేస్తానన్నావా?" అని అడిగాడు. మామూలుగా పెట్టేది పోలీసుల దగ్గర, వేసేది కోర్టులోనట. పేపర్లలో దావా వేశారని, కోర్టుకెక్కారని రాసేది ఈ వేయడాన్నే. నేను పెట్టలేదు, వేయలేదు, ఈడ్చానంతే, అదీ ఫోన్‌లో. అనేటప్పుడు వాణ్ని జుట్టు పట్టుకుని లాక్కెళ్తున్నంత ఊపుగా ఉంటుంది కానీ రోజూ పది మందితో ఆ మాట అనిపించుకునేవాడికి "వీడి దగ్గర ఇంకేం లేదు" అనే వినపడుతుంది.

తీరా చూస్తే ఈడ్చే పనే లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, పెట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ లేకపోయినా ఫర్వాలేదు, రెండేళ్ల టైముంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా వాళ్ళు ఫిర్యాదు తీసుకుంటారు. ఇవన్నీ నాకు ఇవాళ తెలిశాయి.

బిల్లు తీసుకోండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఆ తర్వాత ఎంతైనా అరవండి. వాడి పాత పోస్టు ఎవరైనా సేవ్ చేసుకుని ఉంటే దయచేసి నాకు పంపండి. తాడు తర్వాత చూసుకుంటాను.