చవక మోకా పాట్: ఏళ్లు వాడాక నా అభిప్రాయం

ఒకరిద్దరే ఉండి, చిక్కటి కాఫీ త్వరగా కావాలనుకునే ఇంటికి మోకా పాట్, అంటే పొయ్యి మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ దించుకునే చిన్న పాత్ర, బాగా పనికొస్తుంది. నలుగురైదుగురు ఉన్న ఇంట్లో మాత్రం స్టీలు ఫిల్టర్‌ను అటక ఎక్కించకండి. నా దగ్గరున్నది పేరున్న కంపెనీది కాదు. ఇటలీలో బియాలెట్టి అనే కంపెనీ 1933లో తెచ్చిన ఎనిమిది పలకల నమూనానే, అల్యూమినియంతో చవకగా చేసింది. డబ్బా మీద ‘మూడు కప్పులు’ అని ఉంటుంది. అవి ఇటలీవారి బుల్లి కప్పులు. దిగేది 120, 130 మిల్లీలీటర్ల డికాక్షన్. పాలు కలిపితే ఇద్దరికి సరి.

పాట్ కింది గదిలో నీళ్లు, మధ్యలో గరాటులో కాఫీ పొడి ఉంటాయి; నీళ్లు కాగుతుంటే పెరిగే ఒత్తిడి ఆ నీటిని గరాటులోంచి పొడి గుండా పై గదిలోకి నెడుతుంది. ఆ ఒత్తిడి ఒకటి రెండు బార్లకు (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మించదు. ఎస్ప్రెస్సో యంత్రంలో అది తొమ్మిది దాకా ఉంటుంది. కాబట్టి కాఫీ హోటల్లో కనిపించే మీగడలాంటి నురగ దీంట్లో రాదు. ప్రకటన బొమ్మలు చూసి ఆశపడవద్దు.

రుచి సంగతి తేల్చేవి పొడి, మంట. మన బజారులో దొరికే చికోరీ కలిపిన పొడి ఫిల్టర్‌కు బాగుంటుంది కానీ ఇందులో పోస్తే నీటిని అడ్డుకుంటుంది, కాఫీ మాడు చేదెక్కుతుంది. చికోరీ కలపని గింజలు తీసుకుని, మెత్తటి ఉప్పంత పలుకుగా ఆడించుకోవాలి. నేను ఎక్కువగా వాడేది అరకులో పండే అరబికా రకం కాఫీ. చికోరీ చాటున దాగిపోయే దాని సన్నని పులుపు ఇందులో చక్కగా తెలుస్తుంది. పొడిని గరాటు నిండా పోసి, వేలితో చదును చేస్తే చాలు. ఫిల్టర్‌లో నొక్కినట్టు నొక్కకూడదు.

మంట సిమ్‌లోనే ఉండాలి. మూత తెరిచి చూస్తే కాఫీ ముందు నల్లగా, చిక్కగా మెల్లగా ఊరుతుంది. కాసేపటికి రంగు తేలి తేనెరంగుకు వస్తుంది. ఆ తరువాత గుడగుడమంటూ తుంపర్లు చిమ్ముతుంది. ఆ గుడగుడకు ముందే దించి, అడుగును కుళాయి కింద పట్టాలి. చివర చిమ్మేది చేదే తప్ప కాఫీ కాదు. కింద వేడినీళ్లు పోయాలా, చన్నీళ్లా అని వాదించుకునేవారు ఉన్నారు. పాలు కలిపాక నా నాలుకకు తేడా తెలియలేదు. వేడినీళ్లు పోస్తే బిగించేటప్పుడు చెయ్యి కాలడం మాత్రం తెలిసింది!

ఇక అరుగుదల. మొదట పోయేది రబ్బరు వాషర్. అది గట్టిపడ్డాక మరలు కలిసేచోట ఆవిరి బుసకొడుతుంది, కాఫీ పైకి రాదు. కుక్కర్ గాస్కెట్ దీనికి పట్టదు. చవక పాట్‌లకు కొలతకు సరిపోయే వాషర్ వెతకడం పెద్ద పని, అందుకే పాట్ కొన్నప్పుడే రెండు అదనంగా తీసుకోండి. మాది బోరు నీళ్ల ఇల్లు. లోపల తెల్లటి పొర కట్టి సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి మరీ పెరిగితే ఆవిరిని బయటికి వదిలే చిన్న రంధ్రం) దాకా పాకుతుంది. అది మూసుకుపోతే ప్రమాదం. అప్పుడప్పుడు వాల్వ్ చూసుకోవాలి, నీళ్లు ఎప్పుడూ దాని కిందికే పోయాలి. తడిగా బిగించి పెడితే లోపల మచ్చలు పడతాయి. కడిగాక విడదీసి ఆరబెట్టడమే నయం.

పెద్ద బర్నర్ మీద ఇది నిలవదు, పైగా మంట పక్కకు లేచి ప్లాస్టిక్ పిడిని కాలుస్తుంది. నా పాట్ పిడి ఒక పక్క ఇప్పటికే మెత్తబడి వంగింది. చిన్న బర్నర్, దాని మీద ఒక ఇనుప జాలీ తప్పనిసరి. ఇండక్షన్ స్టవ్ మీద అల్యూమినియం పాట్ వేడెక్కనే వేడెక్కదు. ఆ స్టవ్ ఒక్కటే ఉన్నవారు కాస్త ఎక్కువ పెట్టి, ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలు పాట్ చూసుకోవాలి.